మొక్కకి కుట్టిన గౌను

ఆసుపత్రి, రెండో అంతస్తు
కిటికీ పక్క మంచం
సోమవారం

చెల్లీ,

మూడు రోజులుగా నేను ఉత్తరం రాయాలని కూర్చోవడం, నర్సమ్మ వచ్చి పడుకోమనడం. ఇవాళ ఆవిడకి సెలవు కాబట్టి రాస్తున్నాను. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకి దగ్గు. మొన్న నా దగ్గు విని పిచ్చుక ఫోన్ పడేసి మంచం కిందకి దూరిందని నువ్వే చెప్పావు. నాలుగేళ్ళ పిల్లకి క్షయ అంటే ఏం చెప్తాం? ఇక్కడున్నన్నాళ్ళూ ఉత్తరాలే నయం. కాగితం దగ్గదు.

నా కూతుర్ని నీకు అప్పగించి వచ్చాను కాబట్టి బెంగ లేదు. అబద్ధం, బెంగ ఉంది, కానీ అది నీ మీద కాదు. నీ విషయంలో బెంగల్లా నా పీస్ లిల్లీ మొక్క గురించే. నీళ్ళు లేకుండా బతికే ముళ్ళమొక్కని కూడా నెలలో చంపిన ఘనత నీది. అందుకే చెప్తున్నాను, చెవి పెట్టి విను.

ఎండ తగలకూడదు, వెలుతురు చాలు. నీ కుట్టుమిషను గదిలో ఎండ రాని కిటికీ పక్కన పెట్టు. కుళాయి నీళ్ళు పట్టిన వెంటనే పోయకు, ఒక రోజు బకెట్లో ఉంచి పొయ్యి, లేకపోతే ఆకుల కొసలు మాడిపోతాయి. వారానికోసారి తడిగుడ్డతో ఆకుల మీద దుమ్ము తుడువు. ఆకు నోట్లో పెట్టుకుంటే నోరు మండిపోతుంది. పిచ్చుకకి చెప్పాను, నువ్వూ గుర్తుచెయ్యి. అన్నిటికంటే ముఖ్యం, దానికి దాహం వేస్తే అదే చెప్తుంది. ఆకులన్నీ ఒక్కసారిగా వాలిపోతాయి, చూస్తే గుండె జారుతుంది. కంగారు పడకు. నీళ్ళు పోస్తే గంటా రెండు గంటల్లో లేచి కూర్చుంటుంది.

ఇంకో సంగతి. నేను బయల్దేరే ముందు పిచ్చుకది ఒకటే ప్రశ్న, "నువ్వు ఎప్పుడు లేస్తావ్?" అని. ఏం చెప్పాలో తోచక ఈ మొక్కని చూపించాను. "అమ్మ కూడా ఇంతే. అలిసిపోయి వాలిపోయింది. నీళ్ళూ మందూ పడితే లేస్తుంది" అన్నాను. అప్పట్నుంచి దాన్ని అమ్మ మొక్క అంటోంది. ఒక ఆకు సగం కత్తిరించి ఉంటుంది చూడు, అది దాని పనే. నీ కత్తెర దొరికితే ఊరుకుంటుందా? తిట్టకు. అది "నా ఆకు" అని అందరికీ చూపించుకుంటుంది.

మీ బావ బస్సు డ్యూటీ నుంచి వచ్చిన రోజు కాస్త వేడిగా ఏదైనా పెట్టు. ఆయన నోరు తెరిచి అడగరు.

నీ అక్క


మిషను గది
ఆదివారం

అక్కా,

మొక్క గురించి ఇరవై లైన్లు, నా గురించి రెండు తిట్లు. ఓపిక బాగానే ఉందన్నమాట.

నీ మొక్క క్షేమం. బుధవారం పొద్దున చూస్తే వాలిపోయి ఉంది. నువ్వు ముందే చెప్పినా నాకు గుండె గుభేలుమంది. పిచ్చుక మాత్రం తొణకలేదు. పళ్ళు తోముకునే గ్లాసుతో నీళ్ళు తెచ్చి పోసి, స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంది. నేను ఒక ప్యాంటు అంచు మడిచి కుట్టి తలెత్తేసరికి రెండు ఆకులు లేచాయి. ఇంకో ప్యాంటు అయ్యేసరికి అన్నీ లేచాయి. "పిన్నీ, అమ్మ లేచింది!" అని ఇల్లంతా గెంతులు. ఆ గోలకి కింది వాటా ఆవిడ "మీ అక్క వచ్చేసిందా?" అంటూ పైకి వచ్చింది.

ఇప్పుడు నేను చేసిన ఘనకార్యం విను. పిచ్చుక రోజూ ఆ కుండీని కావలించుకుంటోంది. బట్టల నిండా మట్టి. బల్ల మీద నీళ్ళ మరకలు, కస్టమర్ల బట్టలు పెట్టేది కూడా ఆ బల్ల మీదే. అందుకని కుండీకి ఒక గౌను కుట్టాను. నీ పాత నీలం చుక్కల నైటీ ఉంది చూడు, దాంతో. కింద కుచ్చులు, పైన మెడ దగ్గర లేసు, లోపల చుట్టూ రబ్బరు గుడ్డ లైనింగు, అడుగున కూడా. ఇప్పుడు చుక్క నీరు కారదు. ఈ మధ్య కుట్టినవాటిలో దేన్ని చూసుకున్నా నాకింత గర్వం రాలేదు.

పిచ్చుక దానికి ముఖం ఆనించి "అమ్మ వాసన" అంది. నేను పక్కగదిలోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను. రాయకూడదనుకున్నాను, రాసేశాను.

కఫం పరీక్ష మళ్ళీ ఎప్పుడన్నారు?

నీ చెల్లెలు


కిటికీ పక్క మంచం
శుక్రవారం

చెల్లీ,

కుండీకి గౌనా! నీ ఉత్తరం పక్క మంచం ఆవిడకి చదివి వినిపించాను. "లేసు కూడానా?" అని ఆవిడ నవ్వి, నవ్వు దగ్గై, ఇద్దరం నర్సమ్మ చేత చీవాట్లు తిన్నాం. రబ్బరు గుడ్డ ఆలోచన భలే ఉంది. నీకు బుర్ర ఉందని నాకు ముందే తెలుసు, వాడతావని తెలియదు.

పరీక్ష అయింది. అంతా బాగానే ఉందన్నారు. మందులు పనిచేస్తున్నాయట. కాస్త ఒళ్ళు కూడా చేశాను. నువ్వేమీ ఆలోచించకు.

పిచ్చుక జుట్టు పెరిగిందని నువ్వు కత్తిరించకు. నీ చెయ్యి బట్టల వరకే.

అక్క


మిషను గది
ఆదివారం

అక్కా,

ఉత్తరం రాయడానికి నెల పట్టింది. పని ఎక్కువైంది.

ఒక్క మాట అడగాలి. నీళ్ళు పోసినా వాలితే ఏం చెయ్యాలి? మొదట్లో వారానికోసారి వాలేది. ఇప్పుడు రోజూ వాలుతోంది. నీళ్ళు రోజూ పోస్తూనే ఉన్నాను, బకెట్లో నిలవ ఉంచినవే. అడుగు ఆకులు రెండు పసుపు తిరిగాయి. లేవడం కూడా ఇదివరకులా లేదు. సాయంత్రానికి ఒకటో రెండో లేస్తాయి, అంతే.

పిచ్చుక గెంతడం మానేసింది. స్టూలు వేసుకుని దాని ముందే కూర్చుంటోంది. నిన్న "అమ్మకి జ్వరం వచ్చిందా?" అని అడిగింది. నీకు జ్వరం ఏమీ లేదు కదా?

బావ మొన్న ఆసుపత్రికి వచ్చి, నిన్ను అద్దంలోంచి చూసి వెళ్ళారు కదా. ఇంటికొచ్చాక కంచం వంకే చూస్తూ కూర్చున్నారు. డ్యూటీ మీద డ్యూటీ పడి అలిసిపోయారు, అంతేనా?

చెల్లి


కిటికీ పక్క మంచం
గురువారం

నీళ్ళు పోస్తే వాలదు. పదేళ్ళుగా పెంచుతున్నాను, నాకు తెలియదా? నువ్వు మర్చిపోతున్నావు. మిషను మీద కూర్చుంటే నీకు పక్కన పిడుగు పడినా వినపడదు. ఎండలు ముదిరాయి, రెండుపూటలా పొయ్యి. ఒక్క మొక్క, చెల్లీ. నేను అప్పగించి వచ్చింది ఒక పిల్లనీ ఒక మొక్కనీ. చేతనైతే చెయ్యి, కాకపోతే చెప్పు, కింది వాటా ఆవిడని బతిమాలుకుంటాను.

మీ బావ సంగతి నన్నెందుకు అడుగుతావు? ఆయన్నే అడుగు.

అక్క

కోపంగా రాశాను. చించేద్దామనుకున్నాను, ఇంకో కాగితం లేదు.


మిషను గది
బుధవారం

ప్రియమైన అక్కకి నమస్కారం.

మొక్క చాలా బాగుంది. ఆకులన్నీ నిటారుగా ఉన్నాయి. మూడు తెల్లపూలు కూడా వచ్చాయి. పిచ్చుక బాగుంది. నేను బాగున్నాను. ఎండ కూడా తగ్గింది, హాయిగా ఉంది. నీ ఆరోగ్యం జాగ్రత్త.

చెల్లెలు


కిటికీ పక్క మంచం
సోమవారం

చెల్లీ,

నమస్కారమా? నువ్వు నాకు నమస్కారం పెట్టడం పుట్టి బుద్ధెరిగి ఇదే మొదటిసారి. నాలుగు లైన్ల ఉత్తరంలో అందరూ బాగున్నారు, ఎండతో సహా. ఒక్క వెక్కిరింత లేదు. ఇది నువ్వు రాసిన ఉత్తరం కాదు, నీ చెయ్యి రాసిన ఉత్తరం.

రెండు వారాల కింద తలెత్తలేని మొక్క మూడు పూలు పూసిందా? ఆ పువ్వు మొగ్గ తొడిగి విచ్చడానికే వారాలు పడుతుంది. ఒక్కటే ప్రశ్న అడుగుతాను. పిచ్చుక కత్తిరించిన ఆకు ఎలా ఉంది?

అక్క


మిషను గది
గురువారం

అక్కా,

ఆ ఆకు లేదు. ఇక్కడున్నది నీ మొక్క కాదు.

మొదటినుంచీ చెప్తాను. నేను మర్చిపోలేదు అక్కా. రోజూ పోశాను, నీ ఉత్తరం వచ్చాక రెండుపూటలా పోశాను. అది ఇంకా వాలింది. మట్టి మీద సన్నటి పురుగులు ముసిరాయి. గదిలో ముక్కిన వాసన వస్తుంటే తడిబట్టల వాసన అనుకున్నాను. ఒకరోజు కొలతలు తీసుకోవడానికి వెళ్ళి తిరిగొచ్చేసరికి పిచ్చుక స్టూలెక్కి గ్లాసుతో నీళ్ళు పోస్తోంది. "ఎన్నిసార్లు పోశావే?" అంటే వేళ్ళు లెక్కపెట్టింది. రెండు చేతులూ అయిపోయాయి. "చాలాసార్లు. తాగుతోంది గానీ లేవట్లేదు పిన్నీ" అంది. నేను లేవకముందు, నేను మిషను మీద ఉన్నప్పుడు, రోజంతా పోస్తూనే ఉందట. నెల రోజులుగా.

మొదలు పట్టుకుని కదిపితే ఆకులు చేతికి ఊడి వచ్చేశాయి. అప్పుడు భయం వేసింది. ఇది చచ్చిపోతే ఆ పిల్లకి నేను ఏమని చెప్పాలి? అది అమ్మ మొక్క అని నువ్వే కదా చెప్పి వెళ్ళావు! నీ మీద చాలా కోపం వచ్చింది, దాచను.

పిచ్చుక కింద ఆడుకుంటున్న గంటలో నర్సరీకి పరిగెత్తి అలాంటిదే ఒకటి తెచ్చాను, పూలతో సహా. దానికి నీలం గౌను తొడిగాను. పాతదాన్ని సంచిలో పెట్టి వెనక మెట్ల కింద, చెత్తడబ్బాల వెనక దాచాను. బావ వచ్చి చూసి "బాగుందే" అన్నారు. ఆయనకి ఆకులన్నీ ఒకటే.

పిచ్చుక గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత దగ్గరికొచ్చి ఆకులు ఒక్కొక్కటీ పక్కకి తీసి చూసింది. "పిన్నీ, ఇది అమ్మ గౌను వేసుకుంది గానీ అమ్మ కాదు" అంది. అదే మొక్క, కోలుకుంది అని నేను వాదించాను. నాలుగేళ్ళ పిల్లతో వాదించాను అక్కా. అప్పట్నుంచి అది దీనికి ఒక్క చుక్క పోయలేదు. నీ ఉత్తరం వస్తే చదవమని అడగట్లేదు. నిన్న అన్నం తినిపిస్తుంటే నా ముఖంలోకి చూసి అడిగింది. "పాత అమ్మని ఎక్కడ పడేశావ్?"

ముద్ద కంచంలో వదిలేసి ఎంగిలి చేత్తోనే లేచి వెనక మెట్ల కిందకి పరిగెత్తాను. సంచి అక్కడే ఉంది, చెత్త ఎత్తే అతను గోడ వైపు నెట్టేసి వదిలేశాడు. ఇప్పుడు స్నానాలగదిలో పెట్టాను. అయిదు ఆకులు మిగిలాయి, పిచ్చుక ఆకు అందులో ఒకటి. బతుకుతుందో లేదో తెలియదు. ఏం చెయ్యాలో రాయి. తిట్టాలనుంటే తిట్టు, కానీ త్వరగా రాయి.

చెల్లి


కిటికీ పక్క మంచం
శనివారం

చెల్లీ,

తిట్టను. ఎందుకో కింద రాస్తాను, ముందు మొక్క.

కుండీలోంచి తీసి, మట్టంతా పోయేలా వేళ్ళు కడుగు. నల్లగా మెత్తగా ఉండి, నొక్కితే తోలు ఊడి వచ్చేవి కుళ్ళినవి. తెల్లగా గట్టిగా ఉన్నవి బతికినవి. నీ కత్తెరని మరిగే నీళ్ళలో ముంచి తీసి, కుళ్ళినవన్నీ కత్తిరించు. జాలిపడి ఒక్కటి వదిలినా పక్కదాన్ని కుళ్ళబెడుతుంది. పసుపు తిరిగిన ఆకులు కూడా తీసెయ్యి, ఏ ఆకైనా సరే. అడుగున చిల్లున్న చిన్న కుండీ, కొత్త మట్టి. ఒక్కసారి తడిపి, నీళ్ళు కిందకి కారిపోనివ్వు. తర్వాత రోజూ వేలు సగం దాకా మట్టిలో గుచ్చి చూడు. చెమ్మ తగిలితే పోయకు. అది వాలే ఉంటుంది, అయినా పోయకు.

దాహం వేసినా ఈ మొక్క వాలుతుంది, నీళ్ళెక్కువై వేళ్ళు కుళ్ళినా అచ్చం అలాగే వాలుతుంది. ఇది తెలిసినదాన్ని నేను. రబ్బరు గుడ్డ అడుగున కూడా వేశానని నువ్వు రాసినప్పుడే కుండీ చిల్లు మూసుకుపోతుందని నాకు తట్టాలి. లేసు గురించి నవ్వుకుంటూ కూర్చున్నాను. ఆ పైన రెండుపూటలా పొయ్యమన్నదీ నేనే. ఇందులో నీ తప్పెంతో నాదీ అంతే.

ఇప్పుడు నా సంగతి. పరీక్ష బాగుందని రాశాను కదా, బాగాలేదు. మందులు పనిచెయ్యలేదు. వేరేవి ఇచ్చారు, అవీ పనిచెయ్యలేదు. కుడి ఊపిరితిత్తి పైభాగం పాడైపోయింది. వచ్చే మంగళవారం దాన్ని కోసి తీసేస్తారు. మందులు పనిచెయ్యట్లేదని మీ బావకి ముందే తెలుసు, నీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. ఆ రోజు ఆయన కంచం వంక చూస్తూ కూర్చున్నది అందుకే. నిన్ను తిట్టిన ఉత్తరం, ఆపరేషన్ తప్పదని నాకు చెప్పిన రోజు రాసింది.

నాకు భయంగా ఉంది. ఎవరితోనూ అనలేదు, నీకు రాస్తున్నాను.

పిచ్చుకకి నిజం చెప్పు, మొక్క గురించీ నా గురించీ. అది అమ్మ కాదు, మొక్క అని చెప్పు. అది పోతే మొక్కే పోయినట్టు, అమ్మ కాదు. ఆ రోజు ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టాలనుకున్నాను, ఇంత దాకా వస్తుందనుకోలేదు. నేను చెప్పాల్సిన మాట నీ చేత చెప్పిస్తున్నాను.

అక్క


మిషను గది
సోమవారం

అక్కా,

బావ సెలవు పెట్టి నీ దగ్గరికి బయల్దేరుతున్నారు. ఈ ఉత్తరం ఆయన చేతికిస్తున్నాను. నీకు మెలకువ వచ్చాక ఇమ్మన్నాను. నీ ఉత్తరం శనివారం సాయంత్రమే ఆయనే తెచ్చి ఇచ్చారు, ఒట్టు తీరిపోయిందని గుమ్మంలోనే కూర్చుని ఏడ్చేశారు.

నువ్వు చెప్పినట్టే చేశాం. స్నానాలగదిలో నేల మీద కూర్చుని వేళ్ళు కడిగాం. పిచ్చుక ఒక్కొక్కటీ పట్టుకుని "ఇది నల్లది, ఇది తెల్లది" అని చెప్తుంటే నేను కత్తిరించాను. చివరికి మిగిలినవి నాలుగంటే నాలుగు తెల్ల వేళ్ళు, దారాల్లా ఉన్నాయి. ఆకులు రెండు. పిచ్చుక ఆకు పసుపు తిరిగింది. నేను చెయ్యి ఆపితే అది కత్తెర కోసం చెయ్యి చాపింది. "నా ఆకు కదా, నేనే తీస్తా" అంది. నేను పట్టుకున్నాను, అది కత్తిరించింది. ఆ ఆకుని ఆరబెట్టి ఈ ఉత్తరంలో పెట్టాను.

నిజం కూడా అప్పుడే చెప్పాను. మొక్క అమ్మ కాదని చెప్పాను. "నాకు తెలుసు, కుండీలో అమ్మ పట్టదు" అంది. మరి ఎందుకే అలా పోశావు అని అడగలేకపోయాను. అమ్మ లోపల కూడా ఒకచోట పాడైంది, డాక్టరుగారు దాన్ని తీసేస్తారు అన్నాను. "కత్తెర వేడినీళ్ళలో ముంచుతారా?" అని అడిగింది. ముంచుతారన్నాను. "అయితే సరే" అంది.

తర్వాత అడిగింది, అమ్మ చచ్చిపోతుందా అని. నాకు తెలియదన్నాను. అంత నిజం చెప్పమన్నావో లేదో నాకు అర్థం కాలేదు, చెప్పేశాను. చాలాసేపు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. తడి నేల మీదే కూర్చుండిపోయాం.

కొత్త మొక్కని కింది వాటా ఆవిడకి ఇచ్చేశాను. గౌనుకి రబ్బరు లైనింగు విప్పేశాను. పిచ్చుక ఆ గౌనుని పక్కలో పెట్టుకుని పడుకుంటోంది. ఇవాళ పొద్దున మొక్క వాలిపోయి ఉంది. అది చూసి పిచ్చుక పళ్ళు తోముకునే గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. "పైన పెట్టెయ్ పిన్నీ, నాకు అందకూడదు" అంది.

నువ్వు నాకు చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఉంటే బాగుండేది. రేపు పొద్దున ఇద్దరం ఏ పనీ పెట్టుకోవడం లేదు.

చెల్లి


ఆసుపత్రి, మొదటి అంతస్తు
శుక్రవారం

చెల్లీ,

నేను చెప్తుంటే నర్సమ్మ రాస్తోంది. ఆపరేషన్ అయి పది రోజులైంది. కోయాల్సింది కోశారు. మిగిలింది పట్టుకుంటుందో లేదో ఇంకా చెప్పలేమంటున్నారు. లేచి కూర్చోలేను. ఇక్కడ కిటికీ లేదు. పిచ్చుక ఆకుని నర్సమ్మ నా మంచానికి కాళ్ళ వైపున్న రేకుకి అంటించింది, కళ్ళు తెరిస్తే అదే కనిపిస్తుంది.

బాగున్నానని దానికి చెప్పకు. ఇంకా వాలే ఉన్నానని చెప్పు. ఎన్నాళ్ళో తెలియదని కూడా చెప్పు.

మొక్క సంగతి రాయి. పోయినా సరే, రాయి.

అక్క


మిషను గది
మంగళవారం

అక్కా,

పిచ్చుక చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. నా మాట ఒక్కటి కూడా కలపలేదు.

అమ్మా, మొక్క పోలేదు. అది కూడా వాలే ఉంది. రెండు ఆకులూ కుండీ అంచు మీద పడుకున్నాయి. పొద్దున్నే నేను వేలు పెట్టి చూస్తా. తడిగా ఉంటే పొయ్యను. పిన్ని కూడా పొయ్యదు. గ్లాసు అలమారా మీద ఉంది. నువ్వు తొందరగా లేవక్కర్లేదు. నేను స్టూలేసుకుని ఇక్కడే కూర్చున్నా.